ఆర్‌టీ కెర్నల్ వేశాక బూట్ అవట్లేదు, "అన్‌నోన్-బ్లాక్(0,0)" దగ్గర ప్యానిక్

సర్వోబాబు

అందరికీ నమస్తే. మోటార్ కంట్రోల్ పని మీద ఒక పీసీని ఎథర్‌క్యాట్ (మోటార్ డ్రైవ్‌లను కలిపే ఇండస్ట్రియల్ నెట్‌వర్క్) మాస్టర్‌గా వాడుతున్నాను. సైకిల్ 1 మిల్లీసెకండ్. మామూలు కెర్నల్ మీద సగటు బాగానే ఉంటుంది కానీ మధ్యమధ్యలో ఒక సైకిల్ దారుణంగా లేటవుతుంది, డ్రైవ్ ఫాల్ట్ కొడుతుంది. అందుకని రియల్‌టైమ్ (ఆర్‌టీ) కెర్నల్, అంటే పనులు టైమ్‌కి జరిగేలా చూసే లినక్స్ కెర్నల్, వేద్దామని దిగాను.

సిస్టమ్ ఉబుంటు 22.04. కెర్నల్ 6.6 సోర్స్ తెచ్చి, దానికి సరిపోయే ఆర్‌టీ ప్యాచ్ వేసి, ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ కాన్ఫిగ్ ఫైల్‌నే /బూట్ నుంచి కాపీ చేసుకుని, ప్రీఎంప్షన్ మోడల్ దగ్గర "ఫుల్లీ ప్రీఎంప్టిబుల్" పెట్టి డెబ్ ప్యాకేజీలుగా కంపైల్ చేశాను. ఇన్‌స్టాల్‌లో ఎర్రర్ ఏమీ రాలేదు.

మొదటి రీబూట్‌లో "బ్యాడ్ షిమ్ సిగ్నేచర్" అంది. సెక్యూర్ బూట్ ఆపేశాను. ఇప్పుడు గ్రబ్ (కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్) మెనూ తర్వాత ఏదో ఒక లైన్ మెరిసి మాయమవుతోంది, ఆ వెంటనే:

కెర్నల్ ప్యానిక్ - నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)

పాత కెర్నల్ బూట్ అవుతోంది కాబట్టి మెషీన్ చేతిలోనే ఉంది. ఆర్‌టీ ప్యాచ్ నా డిస్క్ డ్రైవర్‌ను పాడు చేసిందా? డిస్క్ ఎన్‌వీఎంఈ.

బూట్‌లూప్

నోమోడ్‌సెట్ పెట్టి చూడండి. నాకు చాలాసార్లు పనిచేసింది. లేదంటే జర్నల్‌సీటీఎల్ -బీ -1 కొట్టి పోయిన బూట్‌లో ఏం జరిగిందో ఇక్కడ పేస్ట్ చేయండి.

టెర్మినల్_తాత

నోమోడ్‌సెట్ గ్రాఫిక్స్ సంగతి బ్రో. ఇక్కడ రూట్ పార్టిషనే మౌంట్ కాలేదు, డిస్‌ప్లే దాకా ఎక్కడ వచ్చింది? జర్నల్ కూడా అంతే. రూట్ మౌంట్ కాకపోతే లాగ్ రాసుకోవడానికి చోటే లేదు. జర్నల్‌సీటీఎల్ -బీ -1 కొడితే అంతకుముందు సరిగ్గా అయిన బూట్ కనిపిస్తుంది, దాన్ని చూసి మనం లేనిపోని అనుమానాలు పడతాం.

సర్వోబాబు గారూ, ఆర్‌టీ ప్యాచ్‌ని ప్రస్తుతానికి వదిలేయండి. ఈ ప్యానిక్‌కీ దానికీ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ రెండు సున్నాలే సగం కథ చెబుతున్నాయి. డిస్క్ కనపడి, అందులోని ఫైల్‌సిస్టమ్ చదవలేకపోతే అక్కడ ఆ డిస్క్ నంబర్లు ఉంటాయి. (0,0) అంటే కెర్నల్‌కి అసలు ఏ డిస్కూ దొరకలేదని. డిస్ట్రో కాన్ఫిగ్‌లో చాలా స్టోరేజ్ డ్రైవర్లు మాడ్యూల్స్‌గా, అంటే విడి ఫైళ్లుగా ఉంటాయి, అవి ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అన్నా అదే) లోంచి రావాలి. కాబట్టి ఇనిట్‌ఆర్‌డీ లోడ్ కాలేదని నా అనుమానం.

మూడు విషయాలు చూసి చెప్పండి. /బూట్‌లో కొత్త ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ ఉందా, ఉంటే సైజ్ ఎంత, పాతదాని సైజ్ ఎంత. /బూట్ విడి పార్టిషన్ అయితే అందులో ఖాళీ ఎంత ఉంది. ఆ మెరిసి మాయమయ్యే లైన్ ఏంటి, ఫోన్‌తో వీడియో తీసి స్లోగా చూస్తే దొరుకుతుంది.

ఇంకోటి. గ్రబ్ మెనూలో ఆ ఎంట్రీ మీద ఉండి "ఈ" నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్‌లో క్వైట్, స్ప్లాష్ రెండూ తీసేసి కంట్రోల్-ఎక్స్ కొట్టండి. ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే.

సర్వోబాబు

వీడియోలో దొరికింది తాత గారూ. "ఎర్రర్: అవుట్ ఆఫ్ మెమరీ", కింద "ప్రెస్ ఎనీ కీ టు కంటిన్యూ". నాకు 16 జీబీ ర్యామ్ ఉంది, అవుట్ ఆఫ్ మెమరీ ఏంటి?

ఇనిట్‌ఆర్‌డీ పాతది 130 ఎంబీ చిల్లర. కొత్తది 900 ఎంబీ దాటింది! /బూట్ విడిగా లేదు, రూట్‌లోనే ఉంది, ఖాళీ బోలెడంత ఉంది.

టెర్మినల్_తాత

దొంగ దొరికాడు.

ఆ అవుట్ ఆఫ్ మెమరీ అన్నది గ్రబ్, కెర్నల్ కాదు. గ్రబ్ మీ 16 జీబీ అంతా వాడుకోలేదు, ఫర్మ్‌వేర్ దగ్గర తీసుకున్న మెమరీలోనే ఫైల్‌ని లోడ్ చేయాలి. అంత పెద్ద ఇనిట్‌ఆర్‌డీ అందులో పట్టలేదు. చిక్కేమిటంటే, గ్రబ్ అక్కడితో ఆగదు. ఒక కీ నొక్కినా, కాసేపు ఊరుకున్నా, ఇనిట్‌ఆర్‌డీ లేకుండానే కెర్నల్‌ని స్టార్ట్ చేసేస్తుంది. డ్రైవర్లు లేని కెర్నల్ డిస్క్ వెతుక్కుని (0,0) అని పడిపోతుంది. మనం ఆఖరి మెసేజ్ చూసి డిస్క్‌ని తిడతాం.

సైజ్ ఎందుకు పెరిగిందంటే, డిస్ట్రో కాన్ఫిగ్‌లో డీబగ్ ఇన్ఫో ఆన్‌లో ఉంటుంది. వాళ్లు ప్యాకేజ్ చేసేటప్పుడు మాడ్యూల్స్ నుంచి దాన్ని ఊడబెరికి విడి ప్యాకేజీలో పెడతారు. మనం అదే కాన్ఫిగ్ తెచ్చుకుని మామూలుగా కంపైల్ చేస్తే ఆ బరువంతా ప్రతి మాడ్యూల్‌లోనూ ఉండిపోతుంది, అక్కడినుంచి ఇనిట్‌ఆర్‌డీలోకి వస్తుంది.

మళ్లీ కంపైల్ చేయకుండా ఇప్పటికిప్పుడు బయటపడాలంటే: పాత కెర్నల్‌లో ఉండి, /లిబ్/మాడ్యూల్స్ కింద కొత్త వెర్షన్ ఫోల్డర్‌లోని .కేఓ ఫైళ్లన్నిటి మీదా స్ట్రిప్ --స్ట్రిప్-డీబగ్ నడపండి. తర్వాత అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ -కే, ఆ వెర్షన్ పేరు. స్ట్రిప్ చేస్తే మాడ్యూల్ చివర ఉండే సంతకం కూడా పోతుంది. మీరు సెక్యూర్ బూట్ ఆపేశారు కాబట్టి పర్వాలేదు. ఆన్‌లో ఉండి ఉంటే ఆ మాడ్యూల్స్‌ని కెర్నల్ లోపలికి రానివ్వకపోవచ్చు.

ఈసారి కంపైల్ చేసేటప్పుడు మేక్ కమాండ్‌కే ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 తగిలించండి. లేదా మెనూకాన్ఫిగ్‌లో కెర్నల్ హ్యాకింగ్ కింద డీబగ్ ఇన్ఫర్మేషన్‌ని డిసేబుల్ చేయండి. రెండోది చేస్తే కంపైల్ కూడా త్వరగా అవుతుంది, డిస్క్ మీద జాగా బాగా మిగులుతుంది. కానీ బీటీఎఫ్ (కెర్నల్ డేటా టైప్‌ల సమాచారం) కూడా పోతుంది, నడుస్తున్న కెర్నల్‌ని గమనించే ఈబీపీఎఫ్ టూల్స్ కొన్ని మొరాయిస్తాయి. మీకు వాటితో పని ఉండకపోవచ్చు.

ఆడియోపిచ్చి

ఇంకో దారి కూడా ఉంది. /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ లో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్ తెరిచి మాడ్యూల్స్=మోస్ట్ అన్నదాన్ని మాడ్యూల్స్=డెప్ చేస్తే ఆ మెషీన్‌కి కావాల్సినవే ఎక్కుతాయి. సైజ్ బాగా తగ్గుతుంది.

టెర్మినల్_తాత

తగ్గుతుంది, కాదనను. కానీ రేపు ఆ డిస్క్ తీసి వేరే మదర్‌బోర్డ్‌కి తగిలిస్తే బూట్ కాకపోవచ్చు. ఫ్యాక్టరీ మెషీన్‌లో బోర్డ్ పోతే డిస్క్ మార్చి నడిపించడమే మొదటి ఆలోచన కదా. నేనైతే స్ట్రిప్ చేస్తాను, డెప్ జోలికి పోను.

అర్ధరాత్రి_కంపైల్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇదే సమస్య. ల్యాప్‌టాప్. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో చిన్న కెర్నల్ చేశా, 6.12. బూట్ చేస్తే "అలర్ట్! యూయూఐడీ=... డజ్ నాట్ ఎగ్జిస్ట్. డ్రాపింగ్ టు ఎ షెల్" అని బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే ప్రాంప్ట్ వస్తోంది. స్ట్రిప్ చేశా, ఏం మారలేదు.

లాగ్‌చూడు

మీది ఇదే సమస్య కాదు, ఇంచుమించు దీనికి ఎదురుది. మీకు ప్రాంప్ట్ వచ్చిందంటే ఇనిట్‌ఆర్‌డీ లోడ్ అయింది, అందులోని షెల్ నడుస్తోంది. సైజ్ గొడవ లేదు. డిస్క్‌ని చూపించే డ్రైవర్ మాత్రం లోపల లేదు, లేదా గ్రబ్‌లో యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) తప్పు పడింది.

ఆ ప్రాంప్ట్ దగ్గరే క్యాట్ /ప్రాక్/పార్టిషన్స్ కొట్టండి. డిస్క్ పేరే లేకపోతే డ్రైవర్ లేదు. పేరు ఉంటే బీఎల్‌కేఐడీ కొట్టి యూయూఐడీలు పోల్చండి.

లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఆ క్షణంలో ఎల్ఎస్‌మాడ్‌లో (లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్ జాబితా) కనిపించే మాడ్యూల్స్‌ని మాత్రమే ఉంచి మిగతావి కోసేస్తుంది. మీరు దాన్ని ఎక్కడ నడిపారు, ఆ ల్యాప్‌టాప్ మీదేనా, వేరే మెషీన్ మీదా?

అర్ధరాత్రి_కంపైల్

వేరే డెస్క్‌టాప్ మీద. అది ఫాస్ట్‌గా కంపైల్ చేస్తుందని.

లాగ్‌చూడు

ఇంకేం, డెస్క్‌టాప్‌కి కావాల్సిన కెర్నల్ తయారైంది. ల్యాప్‌టాప్ మీద ఎల్ఎస్‌మాడ్ ఔట్‌పుట్‌ని ఫైల్‌లోకి తీసుకుని, డెస్క్‌టాప్ మీద ఎల్ఎస్‌మాడ్=ఆ ఫైల్ అని ఇస్తూ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ నడపండి. ఆ ఫైల్ తీసే ముందు మీరు వాడే యూఎస్‌బీ సామానంతా ఒకసారి గుచ్చండి, లేకపోతే వాటి డ్రైవర్లూ పోతాయి. ఇంటెల్ ల్యాప్‌టాప్ అయి, బయోస్‌లో వీఎండీ (ఎన్‌వీఎంఈ డిస్క్‌లను తన వెనక పెట్టుకునే ఇంటెల్ కంట్రోలర్) ఆన్‌లో ఉంటే వీఎండీ డ్రైవర్ కచ్చితంగా ఉండాలి. అది లేకపోతే ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఉన్నా డిస్క్ కనపడదు.

సర్వోబాబు

స్ట్రిప్ చేశాక ఇనిట్‌ఆర్‌డీ పాతదాని సైజ్‌కే వచ్చింది. ప్యానిక్ పోయింది! ఇప్పుడు బూట్ మెసేజీలు గబగబా పోయి, చివర్లో నల్ల స్క్రీన్ మీద కర్సర్. ఎస్ఎస్‌హెచ్ మాత్రం పనిచేస్తోంది. కార్డ్ ఎన్విడియా, దాని సొంత డ్రైవర్ వేసి ఉంది. ఇప్పుడైనా నోమోడ్‌సెట్ పెట్టొచ్చా?

టెర్మినల్_తాత

హహ, ఇప్పుడు బూట్‌లూప్ బ్రో మాటకి టైమొచ్చింది, కానీ అదీ తాత్కాలికమే. ఎస్ఎస్‌హెచ్‌లో డీకేఎంఎస్ స్టేటస్ కొట్టండి (డీకేఎంఎస్ అంటే ప్రతి కెర్నల్‌కీ బయటి డ్రైవర్లను బిల్డ్ చేసే టూల్). కొత్త కెర్నల్ పేరు ఎదురుగా గ్రాఫిక్స్ డ్రైవర్ ఇన్‌స్టాల్డ్ అని లేకపోతే, ఆ మాడ్యూల్ తయారు కాలేదన్నమాట.

ఎన్విడియా సొంత డ్రైవర్ బిల్డ్ స్క్రిప్ట్ కెర్నల్‌లో ప్రీఎంప్ట్_ఆర్‌టీ కనిపిస్తే, మేం దీనికి సపోర్ట్ ఇవ్వం అని చెప్పి ఆగిపోతుంది. ఇగ్నోర్_ప్రీఎంప్ట్_ఆర్‌టీ_ప్రెజెన్స్=1 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే ఆ చెక్ దాటేస్తుంది. చాలామంది అలాగే నడుపుతున్నారు. కాకపోతే కెర్నల్ అప్‌డేట్ వచ్చి డీకేఎంఎస్ తనంతట తాను బిల్డ్ చేసినప్పుడు ఆ వేరియబుల్ ఉండదు, మళ్లీ నల్ల స్క్రీనే.

నా సలహా అడిగితే, మోటార్లు తిప్పే పీసీకి ఆ కార్డ్ ఎందుకు? ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కేబుల్ దానికి పెట్టి, కార్డ్ ఊడదీసేయండి.

రోబోచెయ్యి

ఇక్కడ తాత గారితో విభేదిస్తా. మాకు అదే మెషీన్ మీద కెమెరా ప్రాసెసింగ్ కూడా ఉంది, కార్డ్ తీసేస్తే పని ఆగిపోతుంది. వేరియబుల్ పెట్టి నడుపుతున్నాం, కంట్రోల్ లూప్‌ని వేరే కోర్‌లకి కట్టేశాం. బానే ఉంది.

టెర్మినల్_తాత

బానే ఉన్నంతకాలం బానే ఉంటుంది. ఆ డ్రైవర్ లోపల ఎక్కడ ఎంతసేపు ఇంటరప్ట్స్ ఆపుతుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అన్నిటికంటే చెడ్డ సైకిల్ ఎంత లేటు అన్న ఒక్క సంగతి కోసమే కదా ఆర్‌టీ వేసేది. వీలైతే కెమెరాకి ఒక పెట్టె, కంట్రోల్‌కి ఒక పెట్టె.

చేతివాటం

డ్రైవర్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా దగ్గర డేటా అక్విజిషన్ కార్డ్‌కి మేమే రాసుకున్న డ్రైవర్ ఉంది. మామూలు కెర్నల్ మీద ఏళ్లుగా నడుస్తోంది. ఆర్‌టీ మీద బూట్‌లో ఆ మాడ్యూల్ లోడ్ అవగానే "బగ్: షెడ్యూలింగ్ వైల్ అటామిక్" అని పేజీలకు పేజీలు పోసి మెషీన్ బిగుసుకుపోతోంది.

లాగ్‌చూడు

ఇది మాత్రం నిజంగానే ఆర్‌టీ వల్ల వచ్చే సమస్య. ఆర్‌టీ కెర్నల్‌లో మామూలు స్పిన్‌లాక్ (లాక్ దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ కాచుకునే తాళం) స్పిన్ అవదు. లోపల అది ఆర్‌టీ మ్యూటెక్స్, అంటే లాక్ దొరక్కపోతే నిద్రపోతుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్లు కూడా చాలావరకు విడి థ్రెడ్‌లుగా నడుస్తాయి కాబట్టి వాటిలో నిద్రపోయినా నష్టం లేదు. కానీ మీ డ్రైవర్ ఐఆర్‌క్యూఎఫ్_నో_థ్రెడ్ ఫ్లాగ్ ఇచ్చి ఉంటే, లేదా చేత్తో ఇంటరప్ట్స్ ఆపేసి లోపల స్పిన్‌లాక్ తీసుకుంటుంటే, నిద్రపోకూడని చోట నిద్రపోయినట్టే. అదే ఆ మెసేజ్.

ముందు ఆ ఫ్లాగ్ అవసరమా చూడండి, చాలాసార్లు అక్కర్లేదు. లోకల్_ఐఆర్‌క్యూ_డిసేబుల్ చేసి ఆ తర్వాత స్పిన్‌లాక్ తీసుకునే చోట్ల స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్ వాడండి. నిజంగా హార్డ్ ఇంటరప్ట్‌లోనే చేయాల్సిన రెండు మూడు రిజిస్టర్ రాతలకి మాత్రం రా_స్పిన్‌లాక్ పెట్టండి. దాని లోపల మెమరీ అలొకేషన్ వద్దు. అన్నిటినీ గుడ్డిగా రా_స్పిన్‌లాక్ చేసేస్తే మెసేజీలు పోతాయి, దాంతోపాటు మీరు కోరుకున్న లేటెన్సీ కూడా పోతుంది.

ప్రస్తుతానికి బూట్ అవ్వాలంటే గ్రబ్ లైన్ చివర మాడ్యూల్_బ్లాక్‌లిస్ట్= అని మీ డ్రైవర్ పేరు పెట్టండి. లోపలికి వచ్చాక చేత్తో లోడ్ చేసి డీమెసేజ్ చూస్తూ సరిచేసుకోవచ్చు.

బూట్‌లూప్

ఇంత కష్టం ఎందుకు? ఉబుంటు ప్రోలో రియల్‌టైమ్ కెర్నల్ రెడీగా ఉంది, ప్రో ఎనేబుల్ రియల్‌టైమ్-కెర్నల్ కొడితే చాలు. సొంత వాడకానికి 5 మెషీన్ల దాకా ఉచితం. డెబియన్ అయితే లినక్స్-ఇమేజ్-ఆర్‌టీ-ఏఎండీ64 అని ప్యాకేజీ ఉంది. వీటికి సంతకం కూడా ఉంటుంది, సెక్యూర్ బూట్ ఆపక్కర్లేదు.

టెర్మినల్_తాత

దీనికి నా ఓటు. కెర్నల్ కంపైల్ చేయడం నేర్చుకోవడానికి బాగుంటుంది, మెషీన్ నడపడానికి ప్యాకేజీ బాగుంటుంది. సొంతది వాడి తీరాలి, సెక్యూర్ బూట్ కూడా ఉండాలి అంటే, సొంత కీ తయారుచేసి మోక్‌యుటిల్ --ఇంపోర్ట్‌తో ఇచ్చి, రీబూట్‌లో వచ్చే నీలం స్క్రీన్‌లో ఎన్‌రోల్ చేసి, కెర్నల్‌ని ఎస్‌బీసైన్‌తో సంతకం చేయాలి. ఆ నీలం స్క్రీన్ కొద్ది సెకన్లే ఉంటుంది. కీబోర్డ్ దగ్గర లేకపోతే మళ్లీ మొదటికి.

ఇంకో మాట. 6.12 నుంచి ఎక్స్86, ఆర్మ్64, రిస్క్-ఫైవ్ మీద ప్యాచ్ అక్కర్లేదు. థామస్ గ్లీక్స్‌నర్, ఇంగో మోల్నార్ లాంటివాళ్లు 2004 ప్రాంతంలో మొదలుపెట్టిన పని 2024లో మెయిన్‌లైన్‌లోకి వచ్చేసింది. ఆఖరున అడ్డం పడింది ప్రింట్‌కే, అంటే మనం బూట్‌లో చూసే ఆ మెసేజీలు రాసే కోడే. పాత గైడ్‌లు చూసి 6.12కి ప్యాచ్ వెతుకుతూ తిరిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

అర్ధరాత్రి_కంపైల్

6.12లో నాకు మొదట ఆ ఫుల్లీ ప్రీఎంప్టిబుల్ ఆప్షనే కనపడలేదు. జనరల్ సెటప్‌లో ఎక్స్‌పర్ట్ ఆన్ చేశాకే మెనూలో వచ్చింది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

సర్వోబాబు

కేబుల్ బోర్డ్ మీది గ్రాఫిక్స్‌కి మార్చాను, డెస్క్‌టాప్ వచ్చింది. యూనేమ్ -వీ లో ప్రీఎంప్ట్_ఆర్‌టీ కనిపిస్తోంది. లేటెన్సీ కొలిచే సైక్లిక్‌టెస్ట్‌ని ప్రయారిటీ 80తో, పక్కన లోడ్ పెట్టి నడిపితే గరిష్ఠం 60 మైక్రోసెకన్ల లోపే. కానీ నా అసలు ప్రోగ్రామ్‌లో మాత్రం అప్పుడప్పుడు 200 దాటుతోంది. టెస్ట్ బాగుంది, ప్రోగ్రామ్ బాలేదు. టెన్షన్‌గా ఉంది.

లాగ్‌చూడు

సైక్లిక్‌టెస్ట్ నడుస్తున్నంతసేపూ /డెవ్/సీపీయూ_డీఎంఏ_లేటెన్సీ ఫైల్ తెరిచి అందులో సున్నా రాసి పట్టుకుని ఉంటుంది. అంటే ప్రాసెసర్‌ని గాఢనిద్రలోకి పోనివ్వదు. మీ ప్రోగ్రామ్ ఆ పని చేయట్లేదు కాబట్టి సీపీయూ నిద్రలేవడానికి టైమ్ తీసుకుంటోంది. మీ కోడ్‌లోనూ అదే ఫైల్ తెరిచి సున్నా రాసి, ప్రోగ్రామ్ ఉన్నంతసేపూ మూయకుండా ఉంచండి. ప్రోగ్రామ్ మెమరీని ర్యామ్‌లోనే కట్టిపడేసే ఎంలాక్ఆల్ కూడా ఉందో లేదో చూడండి. ఇవి చేశాకా అప్పుడప్పుడు ఎగిరితే, హార్డ్‌వేర్ వల్ల వచ్చే ఆలస్యాన్ని పట్టే హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ నడపండి. ఫర్మ్‌వేర్ చేసే ఎస్ఎంఐ ఇంటరప్ట్స్‌ని ఏ కెర్నలూ ఆపలేదు, వాటికి బయోస్‌లోనే వెతుక్కోవాలి.

రోబోచెయ్యి

ఆ ప్రోగ్రామ్‌ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టి బూట్‌లోనే స్టార్ట్ చేయాలనుకుంటే ఒక జాగ్రత్త. ఫిఫో (తనంతట తాను ఆగేదాకా నడిచే ఆర్‌టీ పద్ధతి) ప్రయారిటీలో నిద్రపోని లూప్ ఏదైనా ఉంటే ఆ కోర్‌లో ఇంకెవరికీ చోటుండదు. మామూలుగా మీ 6.6 లాంటి, 6.12 కంటే పాత కెర్నల్ ప్రతి 10,00,000 మైక్రోసెకన్లలో 9,50,000 మాత్రమే ఆర్‌టీ పనులకి ఇచ్చి మిగతాది ఇతరులకి వదులుతుంది. జిట్టర్ (టైమింగ్‌లో ఊగిసలాట) తగ్గుతుందని ఎవరో చెప్పారని ఆ ఎస్‌చెడ్_ఆర్‌టీ_రన్‌టైమ్_యూఎస్‌ని -1 చేసేవాళ్లున్నారు. అప్పుడు ఆ లూప్‌లో చిన్న బగ్ ఉన్నా లాగిన్ స్క్రీన్ దాకా కూడా రాకపోవచ్చు, చూసేవాళ్లు కెర్నల్ బూట్ అవట్లేదనుకుంటారు. అలా ఇరుక్కుంటే గ్రబ్ లైన్‌లో సిస్టమ్‌డీ.మాస్క్= అని ఆ సర్వీస్ పేరు ఇస్తే అది లేకుండా లేస్తుంది.

సర్వోబాబు

డీఎంఏ_లేటెన్సీ సంగతి బ్రహ్మాండం. 200లు పోయాయి, ఇప్పుడు ప్రోగ్రామ్ కూడా టెస్ట్ అంకెల దగ్గరే ఉంది. ఆఖరి ప్రశ్న. ఇదే కెర్నల్‌ని ఇంకో చోట ఉన్న మెషీన్‌లో దూరం నుంచి వేయాలి. బూట్ కాకపోతే అక్కడ గ్రబ్ మెనూ నొక్కేవాళ్లు లేరు.

టెర్మినల్_తాత

గ్రబ్ డిఫాల్ట్ ఫైల్‌లో గ్రబ్_డిఫాల్ట్=సేవ్డ్ పెట్టండి, కెర్నల్ లైన్‌లో ప్యానిక్=10 చేర్చండి, అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో పాత కెర్నల్‌ని ఖాయం చేసి, గ్రబ్-రీబూట్‌తో కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రం ఎంచుకోండి. కొత్తది ప్యానిక్ అయితే 10 సెకన్లకి తనే రీబూట్ అయి పాతదానిలోకి వస్తుంది. బాగుంటే అప్పుడు దాన్ని డిఫాల్ట్ చేయండి. ముందు మీ దగ్గరున్న మెషీన్ మీద ఒకసారి కావాలనే ప్యానిక్ చేయించి చూసుకోండి. /బూట్ ఎల్‌వీఎం మీదో, బీటీఆర్ఎఫ్ఎస్ మీదో ఉంటే గ్రబ్ తన సేవ్డ్ ఎంట్రీని తిరిగి రాయలేక ఆ ఒక్కసారి అన్నది పనిచేయకపోవచ్చు.

ప్యానిక్ కాకుండా ఊరికే బిగుసుకుపోతే ఈ పద్ధతి పనిచేయదు. అందుకు హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ కావాలి, లేదా సీరియల్ కన్సోల్, రిమోట్‌గా పవర్ ఆపి వేసే ఏర్పాటు. సీరియల్ పోర్ట్ ఉంటే కన్సోల్=టీటీవైఎస్0,115200 పెట్టుకోండి, కనీసం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. "లోడింగ్ ఇనిషియల్ ర్యామ్‌డిస్క్" దగ్గర ఆగినట్టు కనిపిస్తే ర్యామ్‌డిస్క్‌నే అనుమానించొద్దు. అది గ్రబ్ రాసిన చివరి లైన్ అంతే, ఆ తర్వాత కెర్నల్ ఎంత దూరం వెళ్లిందో స్క్రీన్ చెప్పదు.

అర్ధరాత్రి_కంపైల్

వీఎండీనే అండీ. ఎల్ఎస్‌మాడ్ ఫైల్ ల్యాప్‌టాప్ నుంచి తెచ్చి మళ్లీ చేశా, బూట్ అయింది. కానీ వైఫై కనపడట్లేదు, ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని డీమెసేజ్‌లో...

లాగ్‌చూడు

దానికి కొత్త థ్రెడ్ తెరవండి. డీమెసేజ్ మొత్తం పెట్టండి, ముక్కలు కాదు.